తాత కత్తులు, ఫూట్ దొర రాళ్లు

మా తాత దగ్గర తొమ్మిది కత్తులుండేవి. కంపచెట్లు కొట్టే మచ్చుకత్తి, జొన్న కోసే కొడవలి, తాడు కోసుకునే చిన్న కత్తి... ఇలా ఒక్కోదానికి ఒక్కో పని. వాటిలో ఐదింటికి తాత స్వయంగా కుట్టిన ఒరలున్నాయి. పాత చెప్పుల తోలు, పాడైన ట్యూబు రబ్బరు, దబ్బనం, మైనం రాసిన దారం, ఇంతే ఆయన సామాను. కత్తి మొన తగిలేచోట తోలు రెండు పొరలు వేసేవాడు. ఒర లేని కత్తి ముందు మన చేతినే కోస్తుందని చెప్పేవాడు.

తాత పోయిన తర్వాత ఆ సంచి అటక మీదే ఉండిపోయింది. మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుతూ నాయన దాన్ని పాత ఇనుపసామాన్ల వాడికి వేసేద్దామన్నాడు. నేను వద్దన్నాను. "తుప్పు పట్టిన ఇనుము, ఎందుకురా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు మన జిల్లా చరిత్రలో దొరికింది.

రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే ఆంగ్లేయుడు 1858లో భారత భూగర్భ సర్వే శాఖలో చేరాడు. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో ఆయనకు ఒక రాతి గొడ్డలి దొరికింది. మన దేశంలో పాతరాతియుగం మనుషులు బతికారని దానితోనే తెలిసింది. రాళ్లను, ఖనిజాలను పరిశీలించడం ఆయన ఉద్యోగం. పనిముట్లు ఏరడం మాత్రం సొంత ఇష్టం. బళ్ళారి జిల్లా భూగర్భం మీద ఆయన రాసిన పెద్ద పుస్తకం 1895లో వచ్చింది. ఈ జిల్లాలో తిరిగేటప్పుడే సంగనకల్లు, కుప్పగల్లు కొండల్లోని రాతి గొడ్డళ్ల సంగతి కూడా రాశాడు.

సంగనకల్లు బళ్ళారి ఊరికి దగ్గర్లోనే ఉంది. అక్కడి హిరేగుడ్డ కొండలో గ్రానైటు మధ్యలో నల్లటి డోలరైటు రాయి చారలాగా పోతుంది. కొత్తరాతియుగం మనుషులు ఆ నల్లరాయినే ఎంచుకున్నారు. ముందు పెద్ద ముక్క కొట్టి తీసేవాళ్లు. తర్వాత అంచుల్లో పెచ్చులు లేపి గొడ్డలి ఆకారం తెచ్చేవాళ్లు. మిట్టపల్లాలను చిన్నచిన్న దెబ్బలతో సరిచేసి, చివరికి బండమీద అరగదీసి పదును పెట్టేవాళ్లు. అలా అరగదీసిన గాడులు ఇప్పటికీ ఆ బండల మీద కనిపిస్తాయి. మా తాత సానరాయి మీద కూడా మధ్యలో అలాంటి గుంటే పడింది. రాయి పోయి ఇనుము వచ్చినా పదును పెట్టే పద్ధతి మారలేదన్నమాట.

1904లో ఫూట్ తన సేకరణను మద్రాసు మ్యూజియానికి ఇచ్చేశాడు. ప్రభుత్వం దాన్ని డబ్బిచ్చి కొన్నది. అప్పుడు బళ్ళారి మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, మిగతా జిల్లా మైసూరుకు పోయాయి. మన కొండల రాళ్లు మాత్రం చెన్నైలోనే ఉండిపోయాయి. అయినా అవి ఏ ఊరివో ఎవరికీ అనుమానం రాదు. ఎందుకంటే ఏ వస్తువు ఎక్కడ దొరికిందో ఫూట్ రాసిపెట్టాడు. ఆయన 1912లో చనిపోయాక ఆ వివరాలతో పుస్తకాలు కూడా అచ్చయ్యాయి. తర్వాత బెండపూడి సుబ్బారావు అనే పరిశోధకుడు సంగనకల్లులో తవ్వకాలు చేసి, 1948లో బళ్ళారి రాతియుగం సంస్కృతుల మీద పుస్తకం తెచ్చాడు. ఇప్పుడు బళ్ళారిలోనే ఫూట్ పేరుతో మ్యూజియం ఉంది.

ఇదంతా చదివాక నాకు ఒకటి అర్థమైంది. ఊరు పేరు లేకపోతే గొడ్డలి కూడా ఉత్త రాయే. తాత కత్తులకు అదే గతి పట్టబోయింది. అందుకే ఒక నోటుబుక్కు తీసుకుని ఒక్కో కత్తి బొమ్మ గీశాను. పొడవు కొలిచాను. పిడి ఏ కట్టెదో, ఒర దేంతో కుట్టిందో రాసి, అవ్వ దగ్గర కూర్చుని అడిగాను. నాలుగింటి సంగతి అవ్వ చెప్పింది. ఒకటి ఆమె పెళ్లయిన ఏడాది కొన్నదట.

మచ్చుకత్తి దగ్గర అవ్వ కూడా ఆగిపోయింది. అప్పుడు, అంతసేపూ ఏం మాట్లాడకుండా కూర్చున్న నాయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "ఇది ఆలూరు కమ్మరి కొట్టింది. లారీ స్ప్రింగు పట్టీ. నేను నీ అంత ఉన్నప్పుడు కొలిమి తిత్తి నేనే ఊదినా" అన్నాడు. ఎర్రగా కాలిన ఇనుమును నీళ్లలో ముంచినప్పుడు వచ్చిన శబ్దం గూడా చెప్పినాడు. ఈ సంగతి ఆయన ఎప్పుడూ మాకు చెప్పలేదు.

మిగతా నాలుగు కత్తుల గురించి చెప్పగలిగినవాడు తాత ఒక్కడే. ఆయనున్నప్పుడు నేను అడగలేదు. నోటుబుక్కులో ఆ నాలుగు పేజీల్లో బొమ్మ, కొలత మాత్రమే ఉన్నాయి.

సంచి మళ్లీ అటక ఎక్కింది, కానీ ఈసారి ప్రతి ఒరకూ ఒక చీటీ కట్టి ఉంది. నాయనే నూనె రాసి పెట్టినాడు. మీ ఇళ్లలో కూడా పాత కత్తో, కొడవలో, తిరగలో ఉంటుంది. దాన్ని అమ్మేముందు ఇంట్లో పెద్దవాళ్లను ఒక్కసారి అడగండి. చెప్పేవాళ్లు ఉన్నప్పుడే అడగండి.