సుబేదారు సాహెబు

మా చిన్నతనంలో కలెక్టరుగారు ఊళ్ళోకి వస్తే, అడ్డపట్టీకి ఇత్తడి బిళ్ళ తగిలించుకొన్న ఒక పెద్దమనిషి ముందుగా దిగి కారు తలుపు తీసేవాడు. ఆయనను దఫేదారు అనేవారు. రౌతుల పటాలంలో అది హవల్దారుతో సమానమైన హోదా అని నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. జమాదారు శబ్దానిది మరీ హీనగతి. సైన్యంలో అధికారి పేరు, ఉత్తరాదిన వీధులూడ్చేవారి పేరైపోయింది. 1965లో మన సైన్యం దానిని నాయబ్ సుబేదారుగా మార్చింది.

మాటల కన్నా ముందు ఆ హోదాలే దిగజారాయి. కుంపిణీ తొలిదినాలలో సిపాయిలకు ఈ దేశస్థులే నాయకత్వం వహించేవారు. 1758-59 మదరాసు ముట్టడిలో ఫ్రెంచివారిని ముప్పుతిప్పలు పెట్టిన యూసుఫ్ ఖాన్ కుంపిణీ సిపాయిల కమాండెంటు. (తరువాత ఎదురుతిరిగితే 1764లో మధురలో ఉరితీశారు.) దొర అధికారుల సంఖ్య పెరిగినకొద్దీ సుబేదారు చేతినుండి అధికారం జారిపోయింది, మర్యాద మాత్రం మిగిలింది.

ఆ మర్యాద ఎటువంటిదో చూడండి. జమాదారు, సుబేదారు, సుబేదారు మేజరు వైస్రాయి కమిషను పొందినవారు. సిపాయిలు సలాము చేయాలి. దొరలు సైతం 'సుబేదారు సాహెబ్' అని పిలవాలి. కాని రాజుగారి కమిషనుతో నిన్న ఓడ దిగిన కుర్ర లెఫ్టినెంటు, ముప్పయ్యేళ్ళు సేవ చేసిన సుబేదారు మేజరుకు పై అధికారి! తెల్ల సిపాయి ఈయనకు సలాము చేయనక్కరలేదు. 1914లో బెల్జియం రణభూమిలో విక్టోరియా క్రాస్ గెలిచిన ఖుదాదాద్ ఖాన్ చివరకు సుబేదారుగానే విరమించాడు.

1917 నుండి భారతీయులకు రాజు కమిషను లభించసాగింది. అది దక్కినది ఎక్కువగా చదువుకొన్న యువకులకు. నెరిసిన మీసాల సుబేదార్లకు కాదు. పైగా 'భారతీకరణ' జరిగిన పటాలాలలో వైస్రాయి కమిషను పదవులనే తొలగించి, ఆ ప్లటూన్ల పని ఈ కొత్త అధికారులకు అప్పగించారు. తమ తోటి ఆంగ్లేయునికి కంపెనీ, తమకు ప్లటూనా అని వారూ నొచ్చుకొన్నారు. ఎటు చూసినా సుబేదారు స్థానమే కొలబద్ద అయింది.

ఈ చరిత్ర చదువుతున్నప్పుడు నాకు మా ఉపాధ్యాయుల గది జ్ఞాపకం వచ్చింది. 'పంతులుగారూ, మీరు ముందు కూర్చోండి' అనేవారు అందరూ. హాజరుపట్టీలో మాత్రం, నేను పాఠం చెప్పిన కుర్రవాడు అసిస్టెంటుగా వస్తే అతని సంతకం కిందనే నాది. స్వీయగాథ ఇంతటితో చాలు.

నేటి జె.సి.ఓ. పరిస్థితి అది కాదు. ఆయనది గెజిటెడ్ హోదా. కమిషనుకు దారులూ కొన్ని ఉన్నాయి. 1987లో సియాచిన్ మంచుశిఖరాన్ని గెలిచి పరమవీరచక్ర పొందినది నాయబ్ సుబేదారు బాణాసింగ్. ఆయన విరమించినది గౌరవ కెప్టెనుగా. జన్మంతా వ్యాకరణం చెప్పినవాణ్ణి కదా, ఆ 'గౌరవ' విశేషణం దగ్గర కొంచెంసేపు ఆగిపోయాను.