చిన్న కెమెరాలు, వృత్తి కెమెరాలు: చిత్రగుణ తారతమ్య చరిత్ర

జేబునందు ఇముడు చిన్న కెమెరాకును, ఛాయాచిత్రణము వృత్తిగాగలవారు వాడు పెద్ద కెమెరాకును చిత్రగుణమున గల తారతమ్యము, ఈ విద్య జనసామాన్యమునకు అందివచ్చిన నాటినుండియు చర్చకు గురియగుచునే యున్నది. యంత్రపు వెల, తయారీదారుని ఖ్యాతి, కటకపు నాణ్యత మొదలగునవి హేతువులుగా సాధారణముగ చెప్పబడుచున్నను, చరిత్రను మొదటినుండి పరిశీలించినచో వీనియన్నిటికంటె ప్రబలమైన కారణ మొకటి గోచరించును. అది వెలుతురును గ్రహించు తలము యొక్క వైశాల్యము. ఆ తలము పూర్వము గాజుపలక, పిదప ఫిలిము, నేడు సెన్సరు.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన, గాజుపలకపై చిత్రము తీయు తడి కలోడియన్ పద్ధతి కాలమునను, దాని వెనుక వచ్చిన పొడిపలకల కాలమునను, నెగెటివును పెంచి ముద్రించుట అరుదు. పలక యెంతయో చిత్రమును సాధారణముగ నంతియే. 1886లో సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడై, ముసవ్విర్ జంగ్ అను బిరుదము నందిన లాలా దీన్‌దయాళ్ తీసిన ప్రాసాద చిత్రములలో గోడల నగిషీపని నేటికిని స్ఫుటముగ కానవచ్చుటకు, ఆయన నైపుణ్యముతోబాటు ఆ గాజుపలకల విస్తీర్ణమును కారణమే. 1888లో జార్జి ఈస్ట్‌మన్ వెలువరించిన కోడక్ కెమెరా ఇందుకు పూర్తిగ భిన్నమైనది. 25 డాలర్ల వెలగల ఆ పెట్టెలో నూరు చిత్రములకు సరిపడు ఫిలిము చుట్టబడియుండెడిది. చిత్రములు రెండున్నర అంగుళముల వ్యాసముగల వర్తులములు. 1900లో ఒక్క డాలరునకే లభించిన బ్రౌనీ కెమెరా ఛాయాచిత్రణమును బాలబాలికల చేతికి సైతము తెచ్చెను. దాని సామాన్య కటకము చిత్రపు అంచులను మసకబార్చినను, ఆ చిత్రములను ఆల్బములో దాచుకొన్న కుటుంబములకు అది లోపముగ తోచలేదు.

ఈ చరిత్రలో మిక్కిలి ప్రధానమైన ఘట్టము జర్మనీలోని వెట్జ్‌లార్ పట్టణమున జరిగినది. ఎర్నెస్ట్ లైట్జ్ సంస్థలో పనిచేయుచుండిన ఆస్కార్ బార్నాక్, బరువైన పలకల యంత్రమును మోయుట కష్టమై, చలనచిత్రముల 35 మిల్లీమీటర్ల ఫిలిమును అడ్డముగ నడిపి, 24×36 మిల్లీమీటర్ల నెగెటివు నిచ్చు చిన్న యంత్రమును నిర్మించెను. నెగెటివు చిన్నది, చిత్రము పెద్దది కావలెనన్నది ఆయన సంకల్పము. మాక్స్ బెరెక్ రూపొందించిన కటకముతో లైకా పేరిట ఇది 1925లో లైప్‌జిగ్ సంతలో ప్రజలయెదుట నిలిచెను. ఇంత చిన్న నెగెటివు చాలునా యని పెద్ద యంత్రముల కలవాటుపడినవారు పడిన శంక నిరాధారమైనది కాదు. 8×10 అంగుళముల చిత్రము కావలెనన్న, 4×5 అంగుళముల నెగెటివును రెండురెట్లు పెంచిన చాలును. లైకా నెగెటివును దాదాపు ఎనిమిదిన్నర రెట్లు పెంచవలెను. అంతమేర ఫిలిములోని వెండి రేణువులును, కటకపు దోషములును, చేతి వణకును పెరిగి కనబడును. అయినను ఫిలిములును కటకములును మెరుగుపడిన కొలది ఆ శంక సడలిపోయెను. ఆన్రీ కార్తియే బ్రెసోన్ వంటి ఛాయాచిత్రకారులు చిన్న నెగెటివుతో సాధించినది పెద్ద యంత్రములకు అందని సంపద. అమెరికా పత్రికా ఛాయాచిత్రకారులు మాత్రము 1950 దశకము వరకును 4×5 అంగుళముల స్పీడ్ గ్రాఫిక్ కెమెరానే నమ్ముకొనియుండిరి. 1959లో నికాన్ ఎఫ్ కెమెరా వెలువడిన పిదప 35 మిల్లీమీటర్ల ఫిలిమే పత్రికావృత్తికి ప్రమాణమయ్యెను. ఒకనాటి చిన్న కెమెరాయే ఇట్లు వృత్తి కెమెరా యయ్యెను.

దీనివలన ఫిలిము యుగపు ఉత్తరార్ధమున సామాన్యునికి గొప్ప సౌలభ్యము కలిగెను. 1979 నాటి ఒలింపస్ ఎక్స్‌ఏ, 1990 నాటి కాంటాక్స్ టీ2 వంటి జేబు కెమెరాలు వృత్తి కెమెరాలు వాడు ఫిలిమునే, అదే కొలతలో వాడినవి గనుక, ఉత్తమ కటకమున్నచో వాని చిత్రమును వృత్తి కెమెరా చిత్రమునుండి వేరుచేయుట నిపుణులకును సులభము కాలేదు. వైశాల్యమును త్యజించినచో ఏమగునో 1982లో కోడక్ డిస్క్ కెమెరా చూపినది. సుమారు 8×10 మిల్లీమీటర్ల దాని నెగెటివును 8×10 అంగుళములకు తెచ్చుటకు పాతికరెట్లు పెంచవలసియుండెను. రేణువులతో నిండిన ఆ చిత్రములు జనులను మెప్పింపలేదు.

1991లో కోడక్ డీసీఎస్, 1999లో నికాన్ డీ1, 2002లో కెనాన్ 1డీఎస్ కెమెరాలు వృత్తిరంగమును డిజిటల్ వైపునకు మరల్చినవి. వీనిలో కెనాన్ సెన్సరు 35 మిల్లీమీటర్ల చట్రమంత కలదు. అదే కాలమున వెల్లువెత్తిన జేబు డిజిటల్ కెమెరాలలో సాధారణమైన సెన్సరు సుమారు 6.2×4.6 మిల్లీమీటర్లు మాత్రమే. లైకా చట్రపు వైశాల్యము 864 చదరపు మిల్లీమీటర్లు కాగా, దీని వైశాల్యము 28. వానలో గంగాళమును చెంబును పక్కపక్కన పెట్టినట్లే, ఒకే వెలుతురులో కటకపు ద్వారమును (అపర్చరును) ఒకే ఎఫ్ సంఖ్యవద్ద ఒకే వ్యవధి తెరచియుంచినను, పెద్ద సెన్సరుకు ముప్పది రెట్ల కాంతికణములు దక్కును. కణముల రాకలో సహజముగ నుండు ఒడుదుడుకులు వాని సంఖ్యకు వర్గమూలము చొప్పున పెరుగును గనుక, ఇట్టి సందర్భమున పెద్ద సెన్సరు చిత్రము సుమారు అయిదున్నర రెట్లు నిర్మలమై యుండును. మందిరపు గర్భగుడిలోను, రాత్రిపూట పెండ్లిపందిరిలోను చిన్న కెమెరా చిత్రములు రంగుమచ్చలతో నిండుటకు కారణమిదియే. కాంతి వివర్తనదోషము మరియొకటి. ఎఫ్/8 అపర్చరువద్ద ఒక్క కాంతిబిందువు దాదాపు 11 మైక్రాన్ల చుక్కగ పరచుకొనును. చిన్న సెన్సరులో పిక్సెలు వెడల్పు రెండు మైక్రాన్లకును లోపే గనుక, పిక్సెళ్లను ఇంకను పెంచినను వివరము పెరుగదు. ఇది యెఱిగియు తయారీదారులు ఏటేట మెగాపిక్సెళ్ల సంఖ్యనే పెంచి ప్రకటించుట కొనుగోలుదారులను పెడదారి పట్టించిన పనియని చెప్పక తప్పదు.

అయితే తారతమ్యము అన్నివేళల కనబడునది కాదు. 2008లో కెనడా ఛాయాచిత్రకారుడు మైకేల్ రైక్‌మన్, జేబు కెమెరాయగు కెనాన్ జీ10 తోను, 39 మెగాపిక్సెళ్ల డిజిటల్ బ్యాకును తగిలించిన వృత్తి కెమెరాయగు హాసెల్‌బ్లాడ్ తోను ఒకే దృశ్యములను తీసి, 13×19 అంగుళముల కాగితముపై ముద్రించి నిపుణులకు చూపగా, వారు ఏది దేనిదో నిశ్చయముగ చెప్పలేకపోయిరి. వెలుతురు సమృద్ధిగనుండి, కనిష్ఠ ఐఎస్ఓ (వెలుతురు గ్రాహకత) వాడి, మితమైన కొలతలో ముద్రించినచో చిన్న సెన్సరు లోటు మరుగుపడును. దగ్గరి వస్తువును దూరపు వస్తువును ఒకేసారి స్ఫుటముగ చూపుట చిన్న సెన్సరుకు సహజగుణమై, పూవులను కీటకములను తీయువారికి అది మేలే చేయును.

ఫోనులోని కెమెరాలు అనేక చిత్రములను వెనువెంట తీసి గణితబలముతో ఒకటిగ కూర్చుట నేర్చిన పిదప, చిన్న సెన్సరుగల జేబు కెమెరాలకు ఆదరణ క్షీణించెను. 2010లో ప్రపంచమున సుమారు 12 కోట్ల డిజిటల్ కెమెరాలు తయారీదారులనుండి వెలువడగా, తరువాతి సంవత్సరములలో ఆ సంఖ్య వేగముగ పడిపోయినది. ఆ కాలమున వృత్తికారులు మక్కువతో చేపట్టిన చిన్న కెమెరాలు, 2011 నాటి ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100 గాని, 2012 నాటి సోనీ ఆర్ఎక్స్1 గాని, పెద్ద సెన్సరు కలవియే. సోనీ ఆర్ఎక్స్1 సెన్సరు బార్నాక్ నిర్ణయించిన 24×36 మిల్లీమీటర్ల చట్రమునకు సమానము.