గారపళ్ళు, ఏడవ-ఏ గ్రూపు

అనంతపురం జిల్లాలోని ఒక పల్లె బడిలో నేను చదువుతున్న రోజుల మాట. అయ్యవారు నల్లబల్ల మీద ఏడవ-ఏ గ్రూపు రాశారు: ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయొడిన్. (పదిహేడవ గ్రూపు అన్న కొత్త పేరు మా పుస్తకాల్లోకి ఇంకా రాలేదు.) పైనుండి కిందికి వచ్చేకొద్దీ పరమాణు పరిమాణం పెరుగుతుంది, ఋణవిద్యుదాత్మకత తగ్గుతుంది అని మా చేత వల్లె వేయించారు. అంతలో ముందు వరుసలో ఉన్న నా నేస్తుణ్ణి చూసి, "ఏమిరా, పండ్లు తోముకోవా?" అని గద్దించారు. వాడు నోరు మూసుకున్నాడు. ఆనాటి నుండి నవ్వు వచ్చినప్పుడల్లా అరచెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. వాడి పంటి గారకు కారణం నల్లబల్ల మీద ఉన్న మొట్టమొదటి పేరేనని ఆ గదిలో ఎవరికీ తోచలేదు.

తెలుసుకోదలిస్తే అప్పటికే తెలిసిన సంగతి అది. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో గారపళ్ళను, బిగుసుకుపోయిన వెన్నులను పరిశీలించి, తాగునీటిలోని ఫ్లోరైడే మూలమని ప్రకటించారు. నల్లగొండ పేరు ఆ తరువాత వినబడింది.

ఫ్లోరిన్ కథే వింత. 1869లో మెండలీవ్ పట్టిక వేసేనాటికి దాన్ని విడిగా చూసినవారు లేరు. అయినా లక్షణాలను బట్టి క్లోరిన్ సరసన చేర్చాడు. 1886లో మోయిసాన్ దాన్ని వేరుచేసి, 1906లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

గ్రూపంటే కుటుంబపు పోలిక. కాని ఈ ఇంటి పెద్దవాడు తమ్ముళ్ళతో అన్నిటా కలవడు. కాల్షియం క్లోరైడు, బ్రోమైడు, అయొడైడు నీటిలో ఇట్టే కరుగుతాయి. కాల్షియం ఫ్లోరైడు దాదాపు కరగదు. వెండి దగ్గర ఇది తలకిందులు: సిల్వర్ ఫ్లోరైడు కరుగుతుంది, తక్కినవి అడుగున పేరుకుంటాయి. ఫ్లోరైడు అయాన్ మరీ చిన్నది కావటం చేత రెండు ఆవేశాలున్న కాల్షియంను గట్టిగా పట్టుకుంటుంది. పైగా పరిమాణంలో హైడ్రాక్సైడుకు ఇంచుమించు సమానం. రాతిలోని నల్ల అభ్రకంలో హైడ్రాక్సైడు చోట కూర్చునేదీ, ఎముకల్లో, పంటి పింగాణిలో అదే చోటును ఆక్రమించేదీ ఈ పోలిక వల్లనే.

మా సీమలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. కింద అంతా గ్రానైటు, నైస్ శిలలు. ఎండకు నీరు ఆవిరై, కాల్షియం సున్నపు గడ్డలుగా నేలలోనే దిగబడిపోతుంది. మిగిలిన నీటిలో సోడియం పాలు ఎక్కువ. ఒకటవ గ్రూపు సోడియంకు ఫ్లోరైడును అడ్డగించే శక్తి లేదు, సోడియం ఫ్లోరైడు కరిగే లవణం. అందుకే పప్పు చక్కగా ఉడికే మెత్తని నీటిలోనూ ఇది దాగి ఉండవచ్చు. నీళ్ళ మంచిచెడ్డలను పప్పుతో తేల్చిన మా అవ్వలకు ఆ సంగతి తెలిసే దారి లేదు. బావులు ఎండి బోర్లు లోతుకు పోయినకొద్దీ, రాతితో దీర్ఘకాలం సహవాసం చేసిన నీరు పైకి వచ్చింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగరాదని లెక్క.

పటిక, సున్నం కలిపి తేర్చే నల్లగొండ పద్ధతి 1970లలో వచ్చింది. పటికలో ఉన్న అల్యూమినియం చిన్నది, మూడు ఆవేశాలది, ఫ్లోరైడును లాక్కుంటుంది. పద్ధతి మంచిదే. కాని రోజూ పాళ్ళు చూసి కలిపేదెవరు, అడుగున మిగిలిన మడ్డిని పారబోసేదెక్కడ? రాతిని అంతగా ఒరుసుకోని నీటిని ఊరికి తేవడమే మేలని నా అభిప్రాయం. 1990ల మధ్యలో సత్యసాయి ట్రస్టు జిల్లాలోని వందల పల్లెలకు చేసినది ఆ పనే. 1999లో తపాలా శాఖ ఆ పథకం మీద బిళ్ళ కూడా వేసింది.

పింగాణి ఏర్పడే పసితనంలో పడిన గార ఇక ఎంత తోమినా పోదు. పోయిన సంక్రాంతికి ఆ నేస్తుడి ఇంటికి వెళ్ళాను. వాళ్ళ అమ్మాయి పళ్ళు తెల్లగా ఉన్నాయి. కుళాయి నీళ్ళు ఎన్నాళ్ళకొకసారి వస్తాయని అడిగితే, "వారానికి రెండుసార్లు వస్తాయబ్బా, తక్కిన దినాల్లో బోరే" అన్నాడు, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని.