డోనహ్యూ వర్సెస్ స్టీవెన్సన్

డోనహ్యూ వర్సెస్ స్టీవెన్సన్ అనునది బ్రిటన్‌లోని ప్రభువుల సభ 1932 మే 26న వెలువరించిన ప్రసిద్ధమైన తీర్పు. ఒకరి అజాగ్రత్త వలన మరొకరికి శారీరక హాని కలిగినపుడు, ఆ ఇద్దరి మధ్య ఒప్పందమేదీ లేకున్నను నష్టపరిహారం కోరవచ్చునని ఈ తీర్పు స్థిరపరచింది. బ్రిటన్, భారతదేశం, ఆస్ట్రేలియా, కెనడా వంటి దేశాలలో నిర్లక్ష్యానికి సంబంధించిన న్యాయానికి ఇది పునాదిగా భావింపబడుతున్నది. అప్పీలు కోర్టులు న్యాయసూత్రాలను ఏ విధంగా రూపొందిస్తాయో తెలుసుకొనుటకు న్యాయశాస్త్ర విద్యార్థులు మొదటగా చదివే కేసులలో ఇది ఒకటి. దీనిని "సీసాలో నత్త కేసు" అని కూడా వ్యవహరిస్తారు.

సంఘటన

1928 ఆగష్టు 26న మే డోనహ్యూ అనే మహిళ స్కాట్లాండులోని పెయిస్లీ పట్టణంలో వెల్‌మెడో కెఫేకు వెళ్ళింది. ఆమెతో వచ్చిన మిత్రులొకరు ఆమెకు ఐస్‌క్రీమ్, జింజర్ బీరు ఇప్పించారు. జింజర్ బీరు అల్లపు రుచి గల శీతల పానీయం. అది లోపలి వస్తువు కనిపించని ముదురు రంగు గాజుసీసాలో ఉన్నది. డోనహ్యూ కొంత త్రాగిన తరువాత మిగిలినది గ్లాసులో పోయగా, కుళ్ళిన నత్త అవశేషాలు బయటపడినవని ఆమె ఆరోపణ. దాని వలన తాను దిగ్భ్రాంతికి, జీర్ణకోశ వ్యాధికి గురైనట్లు ఆమె పేర్కొన్నది.

పానీయం కొన్నది ఆమె కాదు కనుక కెఫే యజమానితో ఆమెకు ఒప్పందం లేదు. అందుచేత ఆమె పానీయం తయారు చేసిన డేవిడ్ స్టీవెన్సన్‌పై 500 పౌండ్ల పరిహారానికి 1929లో దావా వేసింది.

అప్పటి న్యాయస్థితి

ఆనాటి న్యాయం ప్రకారం, వస్తువు స్వభావరీత్యా ప్రమాదకరమైనది అయితేనో, తయారీదారు మోసం చేస్తేనో తప్ప, ఒప్పందం లేని వ్యక్తికి అతడు సాధారణంగా బాధ్యుడు కాడు. ఇదే న్యాయవాది వాల్టర్ లీచ్‌మన్ కొద్దికాలం ముందు, జింజర్ బీరు సీసాలో చచ్చిన ఎలుక ఉన్నదన్న మరొక కేసును నడిపి 1929లోనే ఓడిపోయాడు. అయినను ఆయన డోనహ్యూ కేసును చేపట్టాడు.

క్రింది కోర్టులలో

స్కాట్లాండు సెషన్ కోర్టులో విచారించిన న్యాయమూర్తి లార్డ్ మాన్‌క్రీఫ్ 1930లో దావా చెల్లుతుందని నిర్ణయించాడు. స్టీవెన్సన్ అప్పీలు చేయగా, అదే కోర్టులోని అప్పీలు విభాగం ఎలుక కేసులోని తీర్పును అనుసరించి అదే సంవత్సరం నవంబరులో దావాను కొట్టివేసింది.

ఇక మిగిలినది ప్రభువుల సభ మాత్రమే. అక్కడ ఓడిపోతే ప్రతివాది ఖర్చులు కూడా భరించవలసి వచ్చేది. తన ఆస్తి మొత్తం ఐదు పౌండ్ల విలువ కూడా చేయదని డోనహ్యూ ప్రమాణపత్రం దాఖలు చేసి, నిరుపేద హోదాలో అప్పీలు చేయుటకు అనుమతి పొందింది. ఈ అనుమతి లభించకపోతే ఈ తీర్పే వెలువడి ఉండేది కాదు.

ప్రభువుల సభ తీర్పు

సీసాలో నిజంగా నత్త ఉన్నదా లేదా అన్నది ప్రభువుల సభ ముందున్న ప్రశ్న కాదు. వాది చెప్పినదంతా నిజమే అనుకొన్నచో, న్యాయరీత్యా తయారీదారుకు బాధ్యత ఉన్నదా అన్నదే ప్రశ్న. అప్పీలు కోర్టు ఇట్టి ప్రశ్నకు ఇచ్చే సమాధానం ఆ ఇద్దరు కక్షిదారులతో ఆగక, తరువాత వచ్చే అటువంటి కేసులన్నిటికీ వర్తిస్తుంది.

ఐదుగురు న్యాయమూర్తులలో ముగ్గురు (లార్డ్ అట్కిన్, లార్డ్ థాంకర్టన్, లార్డ్ మెక్‌మిలన్) డోనహ్యూకు అనుకూలంగా నిర్ణయించారు. పరీక్షించుటకు మధ్యలో అవకాశం లేకుండా నేరుగా వినియోగదారునికి చేరే విధంగా వస్తువును విక్రయించే తయారీదారు, ఆ వినియోగదారుని పట్ల తగిన శ్రద్ధ వహించవలెనని వారు నిర్ణయించారు.

లార్డ్ అట్కిన్ ఇంకొక అడుగు ముందుకు వేసి "పొరుగువారి సూత్రాన్ని" ప్రతిపాదించాడు. దీని ప్రకారం, మన చర్య వలన లేదా ఉపేక్ష వలన ఎవరికి హాని కలుగవచ్చునని సహేతుకంగా ఊహింపగలమో వారే న్యాయదృష్టిలో మన పొరుగువారు. వారికి హాని కలుగకుండా జాగ్రత్త వహించుట మన బాధ్యత.

లార్డ్ బక్‌మాస్టర్, లార్డ్ టామ్లిన్ దీనితో విభేదించారు. ఈ సూత్రాన్ని ఒప్పుకొంటే బాధ్యతకు హద్దు ఉండదనియు, ఇల్లు కట్టినవారు కూడా దానిలోని లోపాలకు అందరికీ జవాబు చెప్పవలసి వస్తుందనియు బక్‌మాస్టర్ అభ్యంతరం.

కేసు ముగింపు

సాక్ష్యాల విచారణ కొరకు కేసు తిరిగి స్కాట్లాండుకు వెళ్ళింది. కాని 1932 నవంబరులో స్టీవెన్సన్ మరణించగా, ఆ తరువాత వివాదం రాజీతో ముగిసింది. సీసాలో నత్త ఉన్నదన్న విషయం ఏ కోర్టులోనూ రుజువు కాలేదు. డోనహ్యూ 1958లో మరణించింది.

తరువాతి పరిణామాలు

* 1935: ఉన్ని లోదుస్తులలో మిగిలిపోయిన రసాయనం వలన చర్మవ్యాధి సోకిన ఒక ఆస్ట్రేలియా కేసులో ప్రీవీ కౌన్సిల్ ఈ సూత్రాన్ని ఆహారపానీయాలకు ఆవల వస్తువులకు వర్తింపజేసింది. అప్పట్లో భారతదేశానికి కూడా ప్రీవీ కౌన్సిలే అత్యున్నత అప్పీలు న్యాయస్థానం.
* 1963: హెడ్లీ బర్న్ కేసులో, అజాగ్రత్తతో ఇచ్చిన సలహాకు కూడా బాధ్యత ఉండవచ్చునని ప్రభువుల సభ పేర్కొన్నది.
* 1977, 1990: లోపభూయిష్టమైన భవనాల విషయంలో 1977లో విస్తరించిన బాధ్యతను ప్రభువుల సభ 1990లో తానే రద్దు చేసింది. బక్‌మాస్టర్ వ్యక్తపరచిన భయం ఈ విధంగా కొంతవరకు మరల ముందుకు వచ్చింది.
* 2018: బాధ్యత పరిధిని పూర్వ తీర్పుల ఆధారంగా క్రమక్రమంగా పెంచుకొనవలెనే కాని, ప్రతి కేసులోనూ కొత్తగా నిర్ణయింపరాదని బ్రిటన్ సుప్రీం కోర్టు స్పష్టం చేసింది.

భారతదేశంలో

భారతదేశంలో నిర్లక్ష్య న్యాయం చాలావరకు శాసనరూపంలో లేదు. ఇది కోర్టు తీర్పుల ద్వారానే పెరిగింది. రాజ్యాంగం 141వ అధికరణం ప్రకారం సుప్రీం కోర్టు ప్రకటించిన న్యాయం దేశంలోని అన్ని కోర్టులకు శిరోధార్యం. ఇంగ్లీషు తీర్పులను భారతీయ పరిస్థితులకు తగినంతవరకే ఇక్కడి కోర్టులు స్వీకరిస్తాయి. 1995లో రుసుము తీసుకొని చేసే వైద్యసేవలు వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి వస్తాయని సుప్రీం కోర్టు నిర్ణయించింది. హైదరాబాదులోని ఒక ఆసుపత్రిలో శస్త్రచికిత్స తరువాత కాళ్ళు చచ్చుబడిన యువకుని కేసులో, జాతీయ వినియోగదారుల కమిషన్ నిర్ణయించిన పరిహారాన్ని అప్పీలులో 2009లో కోటి రూపాయలకు పెంచింది.

లోపం గల వస్తువు వలన కలిగే హానికి తయారీదారు, విక్రేతల బాధ్యతను 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఒక ప్రత్యేక అధ్యాయంలో పొందుపరచింది. డోనహ్యూ కోరిన హక్కు ఇక్కడ ఈ విధంగా శాసనరూపం దాల్చింది.