ఫౌఖానియా నుంచి ఇంగ్లీషు మీడియం దాకా: హనుమకొండ బడులు

నిజాం కాలంలో మా హనుమకొండలో సర్కారు బడి అంటే మదర్సా. ప్రైమరీని తహతానియా, మిడిల్‌ను వస్తానియా, హైస్కూలును ఫౌఖానియా అనేవారు. హైదరాబాదు రాష్ట్రంలో దాదాపు సగం మంది మాతృభాష తెలుగే. అయినా పై తరగతులకు పోతే లెక్కలు, చరిత్ర, సైన్సు అన్నీ ఉర్దూలోనే. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో మొదలయ్యాక ఈ పద్ధతి ఇంకా గట్టిపడింది. పెద్ద చదువులు దేశభాషలోనూ చెప్పొచ్చని చూపించింది ఉస్మానియా. అది చాలా గొప్ప పని. కానీ మా ఇళ్లల్లో మాట్లాడే భాష ఉర్దూ కాదు. ఖాన్గీ (ప్రైవేటు) బడి పెట్టుకుందామన్నా సర్కారు అనుమతి కావాలి. దాంతో తెలుగు చదువు బడి బయటే బతికింది. 1904లో ఇక్కడ వెలసిన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం ఎందరికో రెండో బడి అయింది.

మా బాపు ఫౌఖానియాలో చదివి టీచరయ్యాడు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాష్ట్రం ఇండియన్ యూనియన్‌లో కలిసింది. కొద్ది ఏళ్లలోనే బడి భాష తెలుగైంది. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, లెక్కల పాఠం తెలుగులో ఎట్లా చెప్పాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. జరబ్, తక్సీమ్ అని నేర్చుకున్న మనిషి గుణకారం, భాగహారం అని చెప్పాల్సి వచ్చింది. రాత్రిళ్లు కందిలి పెట్టుకుని రేపటి పాఠం తెలుగులో రాసుకునేవాడట. అమ్మ చెప్పేది. నాకు బుద్ధి తెలిశాక కూడా కూరగాయల లెక్క ఆయన ఉర్దూలోనే గొణుక్కుంటూ కట్టేవాడు.

తెలుగు, ఇంగ్లీషు వచ్చిన టీచర్లు చాలలేదు. ఉద్యోగాలు ముల్కీలకే, అంటే స్థానికులకే, అన్న నిబంధనలు ఉండగానే కోస్తా జిల్లాల నుంచి టీచర్లను తెచ్చారు. దాన్ని నిరసిస్తూ 1952లో వరంగల్ విద్యార్థులు బడులు, కాలేజీలు వదిలి రోడ్ల మీదికొచ్చారు. ఆందోళన హైదరాబాదుకు పాకింది. సెప్టెంబరు 3, 4 తేదీల్లో సిటీ కాలేజీ ప్రాంతంలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఈ ముల్కీ ఉద్యమాన్ని ఉద్యోగాల తగాదాగానే చాలామంది చెప్తారు. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన నాకు దాని వేరు తరగతి గదిలో కనిపిస్తుంది. బడి భాష మార్చిన వాళ్లు, అప్పటికే బడిలో ఉన్న టీచర్లను అందుకు సిద్ధం చేయలేదు. వచ్చిన మాస్టర్లలో మంచివాళ్లు ఉన్నారు, ఇక్కడివాళ్లలోనూ ఉన్నారు. ఇద్దరికీ అన్యాయమే జరిగింది.

నేను బడికి పోయేనాటికి తెలుగు మీడియం కుదురుకుంది.

ఇప్పుడు బడి భాష మళ్లీ మారింది. 2022–23లో తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం పెట్టారు. ప్రైవేటు బడికి ఫీజులు కట్టలేని తల్లిదండ్రులు ఎన్నేళ్ల నుంచో కోరుకున్నదే ఇది. వాళ్ల కోరికను నేను తప్పు పట్టను. పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు వేశారు. నిజంగా మంచి పని. మా వాడకట్టు టీచరమ్మ తెలుగు మీడియంలోనే చదివింది, ఏళ్ల తరబడి తెలుగులోనే చెప్పింది. ఇప్పుడు ఇంగ్లీషు పేజీ చదివించి, తెలుగు పేజీతో విడమరిచి చెప్తుంది. “రెండు పేజీలూ ఉంటేనే పిల్లలు నోరు తెరిచి అడుగుతున్నరు సార్” అంటుంది. ఆ తెలుగు పేజీ తీసేయొద్దని, టీచర్లకు ఇంగ్లీషు శిక్షణ బడి వేళల్లోనే ఇవ్వాలని మా ఊరి తరఫున నేను అడుగుతున్నాను.