సీమకు పేరు పెట్టిన పంతులుగారు



మైదుకూరు నాలుగురోడ్ల కూడలిలో బస్సు కోసం నిలుచున్న ఏ తల్లినైనా "మీదే ప్రాంతమమ్మా?" అని అడగండి. "రాయలసీమ" అని తడుముకోకుండా చెబుతుంది. వందేళ్ల క్రితం అడిగి ఉంటే ఆ మాట వినిపించేది కాదు. అప్పుడు ఈ నేల పేరు దత్తమండలం.

1800లో నిజాం నవాబు, తన రక్షణకు ఉంచుకున్న ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద కడప, బళ్లారి సీమలను కుంపిణీవారికి ఇచ్చేశాడు. ఒకరిచ్చారు, ఒకరు పుచ్చుకున్నారు. మధ్యనున్న జనాన్ని అడిగినవారు లేరు. ఆ ఇచ్చిపుచ్చుకోవడమే ఊరికీ వాడకూ పేరై కూర్చుంది. అనంతపురంలో వెలసిన కళాశాలకు కూడా దత్తమండల కళాశాల అనే పేరు పెట్టారు!

ఆ కళాశాలలోనే తెలుగు చెప్పేవారు చిలుకూరి నారాయణరావుగారు. ఆయనది శ్రీకాకుళం వైపు. ఖురానును తెలుగు చేసిన పండితుడు. 1937లో అచ్చయిన 'ఆంధ్రభాషా చరిత్రము' ఆయన రచనే. మాట విలువ తెలిసిన మనిషి కనుక, ఆ 'దత్త' అన్న మాట ఆయన్ని నొప్పించింది కాబోలు.

1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగింది. దానితోపాటే కడప కోటిరెడ్డిగారి అధ్యక్షతన దత్తమండలాల సభ కూడా జరిగింది. రాజకీయాలు తలపండినవారు కూర్చున్న ఆ సభలో ఈ తెలుగు పంతులుగారు, విజయనగర రాయలు ఏలిన నేల గనుక దీన్ని రాయలసీమ అందాం అన్నారు. సభ ఔనంది. పుట్టింటి నుంచి వచ్చిన కోడలు మెట్టినింటి మర్యాద నిలబెట్టినట్టు, ఎక్కడినుంచో వచ్చిన ఆయన ఈ సీమ మర్యాద నిలబెట్టారు.

"పేరు మారితే బావిలో నీళ్లూరతాయా?" అని మీరడగవచ్చు. ఊరవు. కాని మనిషికైనా నేలకైనా తనదంటూ ఒక పేరుంటేనే నలుగురిలో నిలబడి నాకిది కావాలి అని అడగగలిగేది. 1937లో మద్రాసులో శ్రీబాగ్ ఒడంబడిక జరిగినప్పుడు, కృష్ణా తుంగభద్రల నీళ్లలో ముందు వాటా, రాజధానిగాని హైకోర్టుగాని మాకు అని సీమ పెద్దలు అడిగింది రాయలసీమ పేరు మీదనే. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది. మూడేళ్లకే అది హైదరాబాదుకు తరలిపోయింది. నీళ్ల మాట మాత్రం సీమ ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

నారాయణరావుగారిని మనం తలుచుకునేది పదవుల కోసం కాదు. ఆయన రాజకీయానికి ఇచ్చింది ఒక్క మాట. మంత్రులు మారారు, జిల్లాలు మారాయి, ఆ మాట మారలేదు. మీ పిల్లలు రాయలసీమ గురించి పాఠం చదువుకునేటప్పుడు, పక్కన కూర్చుని ఆ పంతులుగారి పేరు కూడా చెప్పండి.