డాస్ ఆటల శబ్దం ఎక్కడికి పోయింది?

చరిత్ర అనగానే మన జిల్లాలో అందరికీ బీదరు కోట, మహమూద్ గవాన్ మదరసా గుర్తొస్తాయి. మదరసా 1472లో కట్టింది. తర్వాత పేలుడులో ఒక భాగం పోయినా మిగతాది ఇప్పటికీ నిలబడి ఉంది, ఎవరైనా వెళ్లి చూడవచ్చు. అదే 1990లో వచ్చిన ఒక కంప్యూటర్ ఆటను ఇప్పటి లాప్‌టాప్‌లో పెట్టి చూడండి. చాలాసార్లు తెరుచుకోనే తెరుచుకోదు. ఎలాగో తెరిపించినా బొమ్మలు కదులుతాయి గానీ శబ్దం రాదు. ఐదు వందల ఏళ్ల గోడ కనబడుతుంటే ముప్పై ఐదేళ్ల పాట ఎందుకు వినబడదు? ఈ వ్యాసం దాని గురించే.

ఐబీఎం కంపెనీ తన పీసీని 1981 ఆగస్టు 12న విడుదల చేసింది. దాన్ని నడిపించేది డాస్. నల్లని తెర, దాని మీద అక్షరాలు, మౌస్ లేదు. మన దేశంలో బడులకు కంప్యూటర్లు ఇవ్వడం 1984లో క్లాస్ అనే కేంద్ర ప్రభుత్వ పథకంతో మొదలైంది. అప్పుడు ఇచ్చినవి ఇంగ్లాండు వారి బీబీసీ మైక్రోలు. డాస్ కంప్యూటర్లు ఆ తర్వాత వచ్చాయి. వాటితో పాటు ఫ్లాపీల్లో ఆటలూ వచ్చాయి. జాన్ రొమెరో చేసిన డేంజరస్ డేవ్, జోర్డాన్ మెక్‌నర్ చేసిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా మన పెద్దవాళ్లలో కంప్యూటర్ నేర్చుకున్న చాలామందికి తెలుసు. రెండూ మొదట ఆపిల్ కంప్యూటర్‌కు చేసినవే, 1990లో డాస్‌కు వచ్చాయి. సారు బయటికి వెళ్లగానే డేవ్ మొదలయ్యేదని మా మేనమామ నవ్వుతూ చెప్తారు.

ఆ పీసీలో పుట్టుకతో ఉన్నది ఒక చిన్న స్పీకర్ మాత్రమే. అది ఒకసారికి ఒకే స్వరం పలుకుతుంది, అదీ "బీప్" అనే గరుకు గొంతుతో. డేవ్ దూకినప్పుడు వచ్చే శబ్దం అదే. దానితో పాట కట్టడం అంటే ఒకే రంధ్రం ఉన్న పిల్లనగ్రోవితో కచేరీ చేయడమే.

1987లో కెనడాలోని క్యూబెక్‌లో మార్టిన్ ప్రెవెల్ అనే సంగీత ఆచార్యుడు ఆడ్‌లిబ్ అనే కార్డు తెచ్చారు. అందులో యమహా కంపెనీ చేసిన వైఎం3812 అనే చిప్ ఉంది. అది ఒకేసారి తొమ్మిది స్వరాలు పలుకుతుంది. 1988లో వచ్చిన కింగ్స్ క్వెస్ట్ నాలుగో భాగం ఆ కార్డును వాడుకున్న మొదటి ఆటల్లో ఒకటి. తర్వాత సింగపూర్ వంతు వచ్చింది. అక్కడ సిమ్ వాంగ్ హూ అనే ఆయన 1981లో క్రియేటివ్ అనే పేరుతో చిన్న కంప్యూటర్ రిపేరు దుకాణం పెట్టారు. ఆ కంపెనీ 1989లో సౌండ్ బ్లాస్టర్ కార్డు తీసింది. ఇందులో తెలివి ఏమిటంటే, ఆడ్‌లిబ్‌లో ఉన్న యమహా చిప్‌నే ఇందులోనూ పెట్టారు. కాబట్టి ఆడ్‌లిబ్ ఆటలన్నీ దీని మీద పలికాయి. పైగా మనిషి గొంతు, తుపాకి మోత లాంటివి రికార్డు చేసి వినిపించే వీలు, జాయ్‌స్టిక్ తగిలించే చోటు కూడా ఇచ్చారు. ఆడ్‌లిబ్ కంపెనీ 1992లో దివాలా తీసింది. నాకైతే ఆడ్‌లిబ్ మీద కొంచెం జాలి ఉంది, దారి వేసింది వాళ్లు, నడిచి గెలిచింది ఇంకొకరు.

ఇక్కడ అసలు సంగతి చెప్పాలి. డాస్‌కు ఫైళ్లు తెలుసు, కీబోర్డు తెలుసు, తెర తెలుసు. సౌండ్ కార్డు మాత్రం అస్సలు తెలియదు. అందుకే ప్రతి ఆటా డాస్‌ను పక్కన పెట్టి నేరుగా కార్డుతో మాట్లాడేది. మాట్లాడాలంటే కార్డు ఎక్కడుందో తెలియాలి. సౌండ్ బ్లాస్టర్ మామూలుగా ఉండే చిరునామా 220. ఆటోఎగ్జెక్.బ్యాట్ అనే ఫైలులో "సెట్ బ్లాస్టర్ = ఎ220 ఐ5 డి1" అని ఒక వరుస రాసేవారు. ఎ అంటే చిరునామా. ఐ అంటే పని అయిందని ప్రాసెసర్‌ను పిలిచే తీగ నంబరు. డి అంటే ప్రాసెసర్‌ను అడగకుండా మెమరీ నుండి శబ్దం తెచ్చుకునే దారి నంబరు. ఈ మూడింట్లో ఒక్కటి తప్పినా ఆట మూగదవుతుంది, లేదా మధ్యలో ఆగిపోతుంది. 1993 డిసెంబరులో వచ్చిన డూమ్‌లో కూడా ముందు సెటప్ తెరిచి ఏ కార్డో ఎంచుకోవాలి. మా మేనమామ దీన్ని చూపిస్తూ, "గట్ల ఊకె నొక్కితే కాదు బిడ్డా, కార్డు యే నంబర్ల కూసుందో ముందుగాల దానికి చెప్పాలె" అన్నారు.

ఆ కార్డులు మదర్‌బోర్డు మీద ఐసా అనే పొడుగు స్లాట్‌లో కూర్చునేవి. 1990ల చివరికి ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ఆ స్లాట్లు తీసేయమని తయారీదారులకు సూచించాయి. కొత్తగా వచ్చిన పీసీఐ స్లాట్‌లో పాత "డి" దారి లేదు. తర్వాత సౌండ్ చిప్ మదర్‌బోర్డు మీదికే వచ్చేసింది, దాని భాష వేరు. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చాక ఆటలు నేరుగా కార్డును ముట్టుకోవడం కుదరలేదు, మధ్యలో విండోస్ నిలబడింది. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ డాస్ ప్రోగ్రాములు అసలే నడవవు. అంటే ఇప్పటి కంప్యూటర్ వేల రెట్లు బలమైనదే, కానీ 220 చిరునామాలో పిలిస్తే పలికేవాళ్లు లేరు.

ఇదే కాలంలో మన భాషలకూ ఒక కార్డు ఉండేది. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై పుణెలోని సీడాక్‌లో పెరిగిన జిస్ట్ కార్డు అది. దాన్ని కంప్యూటర్‌లో పెడితే డాస్ తెర మీద తెలుగు, కన్నడ, హిందీ అక్షరాలు వచ్చేవి. ఆ కార్డులూ ఇప్పుడు లేవు. అయితే అక్షరాలు అంతగా దెబ్బతినలేదు. ఏ అక్షరానికి ఏ నంబరో ఇస్కీ అనే పట్టికలో ఉంది, దాన్ని భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో అధికారికంగా ఒప్పుకుంది. ఆ నంబర్లను యూనికోడ్ నంబర్లుగా మార్చుకుంటే పాత తెలుగు ఫైలును ఈరోజు ఫోనులో కూడా చదవవచ్చు.

మరి పాటను అలా ఎందుకు మార్చలేం? ఎందుకంటే ఆట ఫైలులో పాట లేదు! ఉన్నవి ఆజ్ఞలు మాత్రమే: ఫలానా గదిలో ఫలానా అంకె పెట్టు, మూడో గొంతును ఆన్ చెయ్యి, ఇప్పుడు ఆపు. నాదం పుట్టేది యమహా చిప్‌లో. కాగితం మీద స్వరాలు రాసి ఉండి హార్మోనియం లేకపోతే ఎలా ఉంటుందో ఇదీ అంతే. ఇంకో హార్మోనియం తెచ్చుకుంటే పోలేదా అంటే, ఈ స్వరాలు ఆ ఒక్క వాద్యం కోసమే రాసినవి.

అందుకని కొందరు ఆ వాద్యాన్నే సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ తయారు చేశారు. నెదర్లాండ్స్‌కు చెందిన ఇద్దరు, పీటర్ వీన్‌స్ట్రా, షోర్డ్ వాన్ డర్ బెర్గ్, 2002లో డాస్‌బాక్స్‌ను విడుదల చేశారు. ఇది విండోస్ లోపల ఒక పాత కంప్యూటర్‌ను మొత్తం నటిస్తుంది. దానికి సొంత ప్రాసెసర్ ఉంటుంది, సొంత సౌండ్ బ్లాస్టర్ ఉంటుంది, 220 కూడా ఉంటుంది. ఆట అక్కడికి అంకె పంపితే డాస్‌బాక్స్ అందుకుని, ఆ చిప్ ఏం చేసేదో లెక్క కట్టి, వచ్చిన శబ్దాన్ని ఇప్పటి స్పీకరుకు ఇస్తుంది. మొదట్లో ఆ లెక్కలు చాలావరకు చెవితో విని, పోల్చి కట్టినవి. 2008లో మాత్రం ఆ యమహా చిప్ మూత తీసి, లోపలి గీతలను ఫోటో తీసి, అందులో దాగిన రెండు పట్టికలను చదివారు. ఒక్కొక్క దానిలో 256 అంకెలు. శాసనం చదివేవాళ్లు రాయి మీద అక్షరాలు పోల్చినట్టే వీళ్లు సిలికాన్ మీద పోల్చారు. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

వేగం కూడా ఒక తంటా. మొదటి ఐబీఎం పీసీ వేగం 4.77 మెగాహెర్ట్జ్. కొన్ని ఆటలు ఆ వేగాన్నే గడియారంగా నమ్ముకున్నాయి. తర్వాతి కంప్యూటర్లలో అవి పిచ్చి పట్టినట్టు పరుగెత్తాయి. అందుకే అప్పటి డబ్బాల మీద టర్బో అనే బటన్ ఉండేది, చాలావాటిలో దాని అసలు పని వేగం తగ్గించడం! డాస్‌బాక్స్‌లో కంట్రోల్ ఎఫ్11 నొక్కితే తగ్గుతుంది, ఎఫ్12 నొక్కితే పెరుగుతుంది. మేం ప్రిన్స్ ఆఫ్ పర్షియా పెట్టినప్పుడు మొదట పాట ఆగి ఆగి వచ్చింది, రెండు మూడుసార్లు ఎఫ్12 నొక్కాక సాఫీగా సాగింది. మేనమామ కత్తియుద్ధం దాకా ఆడకుండా ఆ మొదటి పాటే రెండుసార్లు విన్నారు.

నటన వద్దు, నిజమైన డాస్‌లోనే ఆడతాం అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల కోసం ఎస్‌బీఈఎంయూ అనే చిన్న ప్రోగ్రాము వచ్చింది. అది డాస్‌లో కూర్చుని 220కి వచ్చే పిలుపును మధ్యలో పట్టుకుని ఇప్పటి సౌండ్ చిప్‌కు అందిస్తుంది. ఇది పని చేయాలంటే ముందు ఆ కంప్యూటర్‌లో డాస్ మొదలవ్వాలి, దానికి పాతకాలపు బయాస్ కావాలి. బయాస్‌ను 2020 నాటికి పూర్తిగా వదిలేస్తామని ఇంటెల్ 2017లోనే చెప్పింది. కాబట్టి ఈ పద్ధతికి పనికొచ్చేవి కొంచెం పాత కంప్యూటర్లే. మైక్రోసాఫ్ట్ 2024లో ఎంఎస్ డాస్ 4.00 మూలాన్ని అందరికీ ఇచ్చేసినా ఈ చిక్కు తీరలేదు. శబ్దం డాస్‌లో ఎప్పుడూ లేదు కదా.